మన తండా పిల్లలకు రక్తం ఎందుకు తక్కువ?

(సేవాలాల్ జయంతి సందర్భంగా వికారాబాద్, తాండూరు ప్రాంత తండాల యువతతో మాట్లాడిన ప్రసంగ పాఠం)



సంఘం వాళ్ళు నన్ను మన పిల్లల చదువు మీద మాట్లాడమని పిలిచారు. చదువు గురించి చెప్పాలంటే ముందు రక్తం గురించి చెప్పాల్సి వస్తుందని ఫోన్‌లోనే చెప్పాను. సరే మేడం, మీ ఇష్టం అన్నారు. అందుకని ఇవాళ సేవాలాల్ మహరాజ్ జీవిత చరిత్ర నేను చెప్పను. 1739 ఫిబ్రవరి 15న పుట్టిన దగ్గర నుంచి మొదలుపెట్టి మీలో చాలామంది నాకంటే బాగా చెప్పగలరు. నా దగ్గర ఉన్నది హాస్టల్ రిజిస్టర్. అందులోంచే మాట్లాడతాను.

నేను టీచర్ ట్రైనింగ్ చదివినదాన్ని. పాఠం ఎలా మొదలుపెట్టాలి, నల్లబల్ల ఎలా వాడాలి, వెనకబడిన పిల్లను ఎలా ముందుకు తేవాలి అన్నీ అక్కడ నేర్పారు. ప్రార్థన లైన్‌లో నిలబడ్డ పిల్ల కళ్ళు తిరిగి పడిపోతే ఏం చేయాలో మాత్రం ఎవరూ నేర్పలేదు. హాస్టల్‌కు వచ్చిన మొదటి ఏడాది అలా పడిపోయిన పిల్లలను చూసి, పొద్దున టిఫిన్ తినలేదేమో అనుకునేదాన్ని. కొందరిని కోప్పడ్డాను కూడా. స్టడీ అవర్‌లో పుస్తకం మీద తల పెట్టి నిద్రపోయే ఒక పిల్లను అందరి ముందు బద్ధకస్తురాలు అన్నాను. ఆ పిల్లకు ఒంట్లో సరిపడా రక్తం లేదని నాకు తర్వాత తెలిసింది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

హాస్టల్ పిల్లలను చూడడానికి ఆర్‌బీఎస్‌కే బృందం వస్తుంది. హాస్టళ్ళలో చదివినవాళ్ళకు ఆ బండి గుర్తుండే ఉంటుంది. ఎత్తు, బరువు, కళ్ళు, పళ్ళు, చర్మం చూస్తారు. వేలు గుచ్చి చుక్క రక్తం తీసి హిమోగ్లోబిన్ ఎంతుందో చెబుతారు. పన్నెండేళ్ళు దాటిన ఆడపిల్లకు అది 12 గ్రాములు ఉండాలి. 11, 11న్నర ఉంటే కొద్దిగా తక్కువ. 8 కంటే కిందికి దిగిందంటే ప్రమాదం. మా పిల్లలు ఆ అంకెలను మార్కుల్లాగా చెప్పుకుంటారు. "నాకు తొమ్మిదిన్నర వచ్చింది, నీకెంత?" అని ఒకరినొకరు అడుగుతారు. పన్నెండు వచ్చిన పిల్ల ఉంటే క్లాస్ ఫస్ట్ వచ్చినట్టే చూస్తారు.

ఇది మా ఒక్క హాస్టల్ సంగతి కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి దాదాపు 65 మందికి రక్తహీనత ఉంది. ఐదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 70 మందికి ఉంది. అంతకుముందు సర్వేలో చిన్నపిల్లల లెక్క 61 దగ్గర ఉండేది. రోడ్లు వచ్చాయి, ఫోన్లు వచ్చాయి, ఈ అంకె మాత్రం ఇంకా చెడింది. అదీ పట్నాలు, పల్లెలు, ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు అందరినీ కలిపి కట్టిన లెక్క.

ఎందుకు తక్కువ అని అడిగితే ముందుగా తిండి. మన తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేపర్లో చదివి నేనూ సంతోషపడ్డాను. ఆ కంది పండించే చేన్లలో కూలికి పోయేది మన తండా ఆడవాళ్ళే. కంది మార్కెట్ యార్డుకు పోతుంది, ఇంట్లో పిల్ల రేషన్ బియ్యం అన్నంలో కారం కలుపుకొని తింటుంది. మా యాడి కాలంలో జొన్న రొట్టె, సజ్జ రొట్టె, చేనుగట్టు మీద కోసుకొచ్చిన ఆకుకూర ఉండేవి. ఇప్పుడు పొద్దున చాయ్‌లో బిస్కెట్, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం ఐదు రూపాయల ప్యాకెట్. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగితే అన్నంలో ఉన్న కాస్త ఇనుమును కూడా ఆ చాయ్ ఒంటికి పట్టనివ్వదు. మన ఇళ్ళల్లో పాలు తాగాల్సిన వయసు పిల్లకు కూడా చాయ్ గ్లాసు ఇస్తారు. ఒక మంచి మాట కూడా చెప్పాలి. పండగకు మేకను కోసినప్పుడు మనం వండుకునే సళోయి ఉంది కదా, తెలుగువాళ్ళు నల్ల అంటారు, ఇనుము బాగా ఉండే కూర అది. పట్నం పోయి చదువుకున్న మన పిల్లలు కొందరు దాని పేరు చెప్పడానికి సిగ్గుపడుతున్నారు. సిగ్గు దేనికి? బాగా ఉడికించి చెల్లెలికి ఇంకో గరిటె వెయ్యండి.

రెండోది నులిపురుగులు. చెప్పుల్లేకుండా తుమ్మల చాటుకు పోయే పిల్ల అరికాలి చర్మంలోంచి కొంకిపురుగు లోపలికి పోతుంది. పేగుకు పట్టుకొని రోజూ కొంచెం కొంచెం రక్తం తాగుతుంది. ఫిబ్రవరి 10న బళ్ళల్లో, అంగన్‌వాడీల్లో అల్బెండజోల్ మాత్ర నమిలించేది దాని కోసమే. ఆ రోజు బడికి రాని పిల్ల ఎవరంటే, అమ్మానాన్నలతో వలస పోయిన పిల్ల.

మూడోది ఆడపిల్లకు నెలనెలా పోయే రక్తం. దీని గురించి మైకులో మాట్లాడొచ్చా అని ఇక్కడికి వచ్చే దారిలో ఒక పెద్దాయన నన్ను అడిగాడు. మాట్లాడాలి. ఏడెనిమిది రోజులు ఆగకుండా పోతున్నా కూడా చెప్పుకోని పిల్లలు ఉన్నారు. ఇంటి దగ్గర అమ్మ ఉండదు, నానమ్మకు చెప్పడానికి భయం. హాస్టల్‌లో ఆరు నెలలకు గానీ నోరు విప్పరు.

ఐరన్ మాత్రలు వారానికి ఒకటి ఇస్తాం. పెద్దపిల్లలకు నీలం రంగువి, చిన్నవాళ్ళకు గులాబీ రంగువి. ఒకసారి గది కడిగించేటప్పుడు ట్రంకు పెట్టెల వెనక కుప్పగా నీలం మాత్రలు దొరికాయి. నా ముందు నోట్లో వేసుకొని, నీళ్ళు తాగి, చెంపలో దాచుకొని బయటికి పోయి ఉమ్మేసినవి. కోపం వచ్చింది. కూర్చోబెట్టి అడిగితే చెప్పారు: కడుపులో తిప్పుతుంది మేడం, దొడ్డికి నల్లగా వస్తుంది, భయమేస్తుంది. నల్లగా రావడం మామూలేనని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆ రోజు నుంచి పరగడుపున కాకుండా రాత్రి భోజనం అయ్యాక, నిమ్మకాయ నీళ్ళతో ఇస్తున్నాం. జామకాయల కాలంలో జామకాయ ముక్క ఇస్తాం. పులుపు ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. మీ ఇంట్లో గర్భిణి ఉంటే ఆమెకు కూడా ఇదే చెప్పండి. మాత్రలు మూడు నెలలు సక్రమంగా వేసుకున్నా అంకె కదలకపోతే ఊరుకోకండి. సికిల్ సెల్, తలసేమియా పరీక్ష చేయించండి. గిరిజనులకు సికిల్ సెల్ పరీక్షలు చేసే కార్యక్రమం 2023 జులైలో మొదలైంది. అది తల్లిదండ్రుల నుంచి వచ్చేది, మాత్రతో పోయేది కాదు.

ఇక్కడిదాకా విన్నవాళ్ళకు ఇది దవాఖాన వాళ్ళ పని, హాస్టల్ వాళ్ళ పని అనిపిస్తుంది. నాకూ చాలాకాలం అలాగే అనిపించింది. ఒక పిల్ల నాకు వేరే సంగతి నేర్పింది.

తొమ్మిదో తరగతి. పేరు చెప్పను. లెక్కల్లో చురుకు, కబడ్డీలో ఇంకా చురుకు. జూన్‌లో వచ్చినప్పుడు ఆ పిల్ల రక్తం ఏడు చిల్లర. మెట్లెక్కితే ఆయాసం. సర్కారు దవాఖానకు తీసుకుపోయాం, మందులు రాశారు, నెలసరి ఎక్కువగా పోతుంటే దానికీ మందు ఇచ్చారు. రోజూ గుడ్డు, ఆకుకూర దగ్గరుండి తినిపించాం. సంక్రాంతి సెలవులకు ముందు పరీక్ష చేయిస్తే పదకొండు దాటింది. ఆ పిల్ల కంటే నేనే ఎక్కువ సంతోషపడ్డాను. సెలవులకు ఇంటికి పోయింది. బడి తెరిచాక రాలేదు.

వారం చూసి తండాకు వెళ్ళాను. తల్లిదండ్రులు పూణేలో మేస్త్రీ పనికి పోయారు. ఇంట్లో నానమ్మ, ఈ పిల్ల, ఇంకో చిన్నవాడు. మాఘమాసంలో పెళ్ళి పెట్టుకున్నారు. పిల్లకు పదిహేను నిండి నాలుగు నెలలు. నేను చట్టం చెప్పాను, చదువు చెప్పాను, రక్తం సంగతి చెప్పాను. ముసలామె అంతా విన్నది. తర్వాత అడిగింది, "అయితే బిడ్డా, సెలవులప్పుడు నువ్వు పెట్టుకుంటవా ఈ పిల్లను? ఎండాకాలం రెండు నెలలు దీనికి కావలి ఎవరుండాలె? నాకు కండ్లు కనబడయి."

నా దగ్గర సమాధానం లేదు. వేసవిలో హాస్టల్‌కు తాళం పడుతుంది. ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ 11 దాకా మా పిల్లలు ఎక్కడ ఉంటారో, ఏం తింటారో, ఎవరి మధ్య పడుకుంటారో నా రిజిస్టర్‌లో ఉండదు. పది నెలలు పెంచిన రక్తం ఆ యాభై రోజుల్లో దిగిపోతుంది. చదువు కూడా అక్కడే ఆగుతుంది.

1098కి ఫోన్ చేశాను. అధికారులు వచ్చారు, పోలీసులు వచ్చారు, పెళ్ళి ఆపారు, తండ్రితో కాగితం రాయించుకున్నారు. నేను గెలిచాననుకున్నాను. నెల తిరక్కముందే ఆ పిల్లను అవతలికి, కర్ణాటకలో చుట్టాల తండాకు తీసుకుపోయి అక్కడ పెళ్ళి చేశారు. మనకు అది కొత్త కాదు. మన తాండూరు దాటితే చించోళి, సేడం. అక్కడా మన గోర్ మాటివాళ్ళే. ఇక్కడ మనం 1976 చట్టంతో ఎస్టీలమయ్యాం, అక్కడ వాళ్ళు ఎస్సీలు, పేరు మారింది కానీ చుట్టరికం మారలేదు. అవతలికి పోతే చట్టం అంటదని మనవాళ్ళ నమ్మకం. అది తప్పు. కర్ణాటకలో చట్టం మనకంటే గట్టిది, బాల్యవివాహం అక్కడ మొదటి నుంచే చెల్లదు.

మరుసటి ఏడాది దవాఖానలో ఆ పిల్ల కనబడింది. కడుపుతో ఉంది. నన్ను చూసి నవ్వి, "మేడం, నా రక్తం ఎనిమిది ఉందంట" అంది. మార్కులు చెప్పినట్టే చెప్పింది.

రక్తం లేని పదహారేళ్ళ తల్లికి పుట్టే బిడ్డ తక్కువ బరువుతో పుడుతుంది. ఆ బిడ్డ ఒంట్లో ఇనుము నిల్వ మొదటి రోజు నుంచే తక్కువ. ఐదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 70 అని ఇందాక చెప్పాను కదా, ఆ 70లో ఈ బిడ్డ ఉంటుంది. ఎనిమిదేళ్ళు వచ్చాక మూడో తరగతిలో మా హాస్టల్‌కే వస్తుంది. అప్పుడు మళ్ళీ వేలు గుచ్చుతాం. నేను ఇంకా సర్వీసులో ఉంటే తల్లినీ బిడ్డనూ ఒకే రిజిస్టర్‌లో చూస్తాను. అందుకే చెబుతున్నాను, పెళ్ళి కార్డు, రక్తం అంకె వేర్వేరు సంగతులు కావు.

తల్లిదండ్రులను తిట్టడం తేలిక. వాళ్ళ లెక్క కూడా చూడండి. మన తాతల కాలంలో పిల్లవాడి వైపు వాళ్ళు ఎద్దులో, రూపాయలో ఇచ్చి పిల్లను తీసుకుపోయేవాళ్ళు. ఆడపిల్ల ఇంటికి బరువు అనే మాట మన గోర్ బోలిలో పుట్టింది కాదు. కింద ఊళ్ళను చూసి కట్నం నేర్చుకున్నాం, వాళ్ళకంటే గట్టిగా నేర్చుకున్నాం. ఇప్పుడు పిల్ల ఎంత చదివితే అంత చదివినవాడు కావాలి, వాడు అంత ఎక్కువ అడుగుతాడు. పదో తరగతిలోపే చేస్తే తక్కువలో పోతుంది. ఇది ఆ తండ్రి లెక్క. ఈ రేటు ఎవరు పెంచుతున్నారు? కానిస్టేబుల్ పోస్టు వస్తే ఇంత, డిగ్రీ ఉంటే ఇంత, కారు ఉంటే ఇంత. తమ్ముళ్ళూ, తల దించుకోకండి, మీరు సమాధానం చెప్పాల్సిన ప్రశ్న ఇది.

ఈ లెక్క ఎక్కడిదాకా పోయిందో మీలో చాలామందికి తెలియదు, మీరు పుట్టకముందు సంగతి. 1999లో ఒకసారి, 2001లో ఇంకోసారి, మన లంబాడీ తండాల నుంచి ఆడశిశువులను కొద్దిపాటి డబ్బుకు తీసుకొని హైదరాబాద్‌లోని దత్తత సంస్థల దారిలో విదేశాలకు పంపుతున్నారని కేసులు అయ్యాయి. నల్గొండ వైపు తండాలు, మన తాండూరు వైపు తండాలు పేపర్లకెక్కాయి. చివరికి 2001లో అప్పటి ప్రభుత్వం పేదరికం పేరు మీద బిడ్డను వదులుకోవడాన్నే నిషేధించాల్సి వచ్చింది. అప్పుడు నేను ట్రైనింగ్‌లో ఉన్నాను. పక్క బెంచీ అమ్మాయి పేపర్ చూపించి, "మీవాళ్ళు పిల్లలను అమ్ముకుంటారంట కదా" అంది. నేను మా ఇంట్లో మూడో ఆడపిల్లను. ఆ మాటకు నాకు ఏడుపు రాలేదు. నన్ను ఎందుకు ఉంచుకున్నారో అని ఆలోచన వచ్చింది. పండగకు ఇంటికి పోయినప్పుడు మా యాడిని అడిగాను. "కంది కోతలప్పుడు పుట్టినవు, ఇంట్లో పప్పు ఉండె, పాలు బాగొచ్చినయి" అంది. అంతే చెప్పింది. (నవ్వకండి, బడి రికార్డులో మాత్రం నేను జూన్‌లో పుట్టాను. మన తండాలో సగం మందికి అప్పటి హెడ్మాస్టరే పుట్టిన నెల ఇచ్చాడు.) ఇంట్లో తిండి ఉన్న ఏడాది పుట్టాను కాబట్టి నిలిచాను. అది అదృష్టం. పిల్లల బతుకు అదృష్టం మీద నడవకూడదు.

ఇప్పుడు ఇంకో పిల్ల గురించి చెబుతాను. ఇదే కథ, ఇదే వలస, ఇదే మాఘమాసం. కానీ ఈ పిల్లకు అన్న ఉన్నాడు. ఇంటర్ ఫెయిలై హైదరాబాద్‌లో ఆటో తోలుతాడు. పెళ్ళి మాట తెలిసి రాత్రికి రాత్రి వచ్చాడు. నాకు ఫోన్ చేయలేదు, 1098కీ చేయలేదు. తండ్రితో, "కట్నం కోసం దాచిన పైసలు నీ దగ్గరే ఉంచు. సెలవులకు చెల్లె మా గదికి వస్తది, నా భార్య ఉన్నది, నేను చూసుకుంట. పద్దెనిమిది నిండినంక మాట్లాడుదాం" అన్నాడు. నాయక్ దగ్గర పంచాయితీ పెడితే అక్కడా అదే మాట మీద నిలబడ్డాడు. రెండు రోజులు తండ్రి అన్నం తినలేదు. మూడో రోజు తిన్నాడు. ఆ పిల్ల ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది. మొన్న ఫోన్ చేసి, రక్తం పన్నెండు పాయింట్ రెండు అని చెప్పింది. నేను అడగలేదు, తనే చెప్పింది.

ఫోన్ చేస్తే ఒక రోజు పెళ్ళి ఆగుతుంది. చేయండి, తప్పకుండా చేయండి, 1098కి మీ పేరు చెప్పాల్సిన పని లేదు. కానీ ఆ తర్వాత వచ్చే వేసవిని ఆపే మనిషి ఇంట్లోనే ఉండాలి. నానమ్మ అడిగిన ప్రశ్నకు అధికారుల దగ్గరా జవాబు లేదు, నా దగ్గరా లేదు. ఆ ఆటో పిల్లగాడి దగ్గర ఉంది.

అయితే మా వైపు తప్పులు లేవా? ఉన్నాయి. హాస్టళ్ళలో అన్నం బాగాలేక పిల్లలు దవాఖాన పాలైన వార్తలు మీరూ చదివారు. నేను వాటిని దాటవేయను. ఒక వార్డెన్‌గా ఆ వార్తలు చదివిన రోజు నాకు ముద్ద దిగదు. 2024 చివర్లో ప్రభుత్వం మెస్ చార్జీలు 40 శాతం పెంచింది. ఎనిమిది నుంచి పదో తరగతి పిల్లకు నెలకు 1,100 ఉన్నది 1,540 అయింది. రోజుకు 51 రూపాయలు. పొద్దున టిఫిన్ నుంచి రాత్రి భోజనం దాకా అందులోనే. మెనూ కార్డు ఇప్పుడు ప్రతి హాస్టల్ గోడ మీద ఉంటుంది, ఏ రోజు గుడ్డు, ఏ రోజు చికెన్ అని. మీరు వచ్చి చూడండి. పేరెంట్స్ వచ్చే రోజున మన తండాల నుంచి తాతలు, నానమ్మలు కట్టెపుల్ల పట్టుకొని వస్తారు, చదువుకున్న మీరు రారు. వచ్చి పిల్లలతోపాటు కూర్చొని తినండి. నీళ్ళ ట్యాంకు మూత తీసి చూడండి. బాగా లేకపోతే అడగండి. అడిగేవాళ్ళు ఉన్న హాస్టల్‌లో కాంట్రాక్టరు బియ్యం వేరేగా ఉంటాయి. ఇంతకంటే వివరంగా చెబితే నాకు మెమో వస్తుంది.

బండ పాలిష్ మిషన్ల దగ్గర పని చేసే కుటుంబాలకు ఒక మాట. తాండూరు బండ రాష్ట్రమంతా పోతుంది, మా హాస్టల్ నేల కూడా అదే. ఆ దుమ్ములో, మిషన్ షెడ్డు పక్కనే రేకుల కింద పసిపిల్లలను పడుకోబెడుతున్నారు. రెండు వారాలు దగ్గు తగ్గకపోయినా, మెడ మీద గడ్డ లేచినా, బరువు తగ్గుతున్నా టీబీ పరీక్ష చేయించండి. ఒకప్పుడు టీబీ అంటే అనంతగిరి గుట్ట మీది ఆసుపత్రిలో నెలల తరబడి ఉండాల్సిన రోగం. ఇప్పుడు మామూలు టీబీ ఆరు నెలల మందులతో ఇంటి దగ్గరే నయమవుతుంది. మందులు ఉచితం, తిండికి నెలకు వెయ్యి రూపాయలు ఖాతాలో వేస్తారు. దాచిపెట్టడం ఒక్కటే ప్రమాదం.

ఇంకొకటి చెప్పకపోతే ఈ ప్రసంగం సగమే. ఫోన్. తొమ్మిదో తరగతి పిల్లకు ఇన్‌స్టాలో పరిచయం, నాలుగు నెలల్లో ప్రేమ, ఒక రాత్రి ఇద్దరూ మాయం. దొరికాక పిల్ల చదువు బంద్, ఆ భయంతో పక్క నాలుగిళ్ళల్లో పిల్లల చదువు కూడా బంద్. ఒక్క సంఘటనకు ఐదుగురు పిల్లలు నా రిజిస్టర్‌లోంచి పోయిన ఏడాది ఉంది. తమ్ముళ్ళూ, చట్టం తెలుసుకోండి. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్ల తనంతట తానే వచ్చిందని చెప్పినా పోక్సో చట్టం ఒప్పుకోదు. కనీసం పదేళ్ళ జైలు. పెద్దలు కుదిర్చిన పెళ్ళైనా సరే, భార్యకు పద్దెనిమిది నిండకపోతే అది నేరమేనని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. పద్దెనిమిది దాటిన మగవాడు చిన్నపిల్లను పెళ్ళి చేసుకుంటే బాల్యవివాహ చట్టం కింద రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. కల్యాణలక్ష్మి లక్షా నూట పదహారు కూడా పద్దెనిమిది నిండితేనే. ముందు పెళ్ళి చేసి, రెండేళ్ళయ్యాక పిల్లను చంకన పెట్టుకొని మళ్ళీ పెళ్ళి ఫోటో దిగినవాళ్ళను చూశాను. నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది.

పెళ్ళి ఆపమని మనం ఎప్పుడూ ఆడపిల్ల తల్లిదండ్రులకే చెబుతాం. ఆ పదిహేనేళ్ళ పిల్లను చేసుకునే పిల్లగాడు ఎవరు? ఎక్కడి నుంచో రాలేదు. ఇలాంటి సభలోనే మీ పక్కన కూర్చొని ఉంటాడు. రేపు మీ ఇంట్లో సంబంధం మాట వచ్చినప్పుడు పిల్ల వయసు ఎంత అని మీరే అడగండి. బడి రికార్డు చూడండి. "చిన్నపిల్ల, నాకు వద్దు" అని మీరంటే మీ నాన్నకు కోపం వస్తుంది. మా ఆటో పిల్లగాడి తండ్రికీ వచ్చింది.

మన పెద్దలు పిల్లల ఆరోగ్యాన్ని ఒక ఇంటి విషయంగా ఎప్పుడూ చూడలేదు. ఆషాఢంలో శీత్లా పండగకు తండా అంతా ఒక్కచోట చేరి మొక్కేది దేనికి? మశూచి, తట్టు, గత్తర మన పిల్లల మీదికి, పశువుల మీదికి రాకూడదనే కదా. మశూచి మన దేశంలో 1975తో ఆఖరైంది. టీకాతో పోయింది. అయినా పండగ ఆగలేదు, ఆగకూడదు కూడా. ఇప్పుడు మన పిల్లల మీదికి వచ్చింది వేరే. ఆ రోజు తండా అంతా ఒక్కచోట ఉంటుంది కాబట్టి, గుగ్గిళ్ళు పంచడం అయ్యాక ఏఎన్ఎంను పిలిచి పిల్లలందరి రక్తం చూపించండి. ఆమె వస్తుంది, ముందు రోజు చెబితే చాలు.

తీజ్ కూడా అంతే. తొమ్మిది రోజులు పుట్టమన్ను బుట్టల్లో గోధుమ మొలకలకు నీళ్ళు పోసేది పెళ్ళికాని పిల్లలే. రేగుముళ్ళకు శనగలు గుచ్చేటప్పుడు మీరు వాళ్ళను ఆటపట్టిస్తారు, వీడియోలు తీసి స్టేటస్ పెడతారు. ఈసారి ఇంకొకటి చూడండి. పోయిన ఏడాది బుట్ట మోసిన పిల్లల్లో ఈ ఏడాది ఎవరు లేరు? ఎందుకు లేరు? పద్దెనిమిది నిండి పోయిందా, నిండకుండా పోయిందా? తండాలో ఈ లెక్క మీకంటే బాగా ఎవరికీ తెలియదు.

వచ్చే వేసవికి ఒక పని అడుగుతాను. ఏప్రిల్‌లో హాస్టల్ మూసే రోజు మా పిల్లల జాబితా తండాలవారీగా మీ సంఘానికి ఇస్తాను. అమ్మానాన్నలు వలసలో ఉన్న పిల్లలు ఎవరో అందులో తెలుస్తుంది. ఒక్కో తండాలో ఇద్దరు చెల్లెళ్ళు, ఇద్దరు తమ్ముళ్ళు ఆ పిల్లల బాధ్యత తీసుకోండి. వలస పోయినవాళ్ళ ఆడపిల్లలు రాత్రిపూట ఒక్కరే ఉండకుండా, నాయక్ ఇంట్లోనో, నమ్మకమైన ఇంకో ఇంట్లోనో ముగ్గురు నలుగురు కలిసి పడుకునేలా చూడండి. ఐరన్ మాత్రలు పొట్లం కట్టి ఇస్తాం, వారం వారం వేసుకున్నారా అని అడగండి. వలస పోయే కుటుంబాల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్ళు ఉంటాయి, మీ ఊరికి కావాలని మండల విద్యాధికారికి దరఖాస్తు ఇవ్వండి; వలస మొదలయ్యాక ఇస్తే లాభం లేదు, దసరాకు ముందే ఇవ్వాలి. పెళ్ళి మాట చెవిన పడితే ముందు ఇంట్లోవాళ్ళతో, తర్వాత నాయక్‌తో, అప్పటికీ వినకపోతే 1098తో మాట్లాడండి.

పదో తరగతి పిల్లలకు వచ్చే నెల పరీక్షలు. వాళ్ళలో ఇద్దరు ఇంకా సంక్రాంతి నుంచి తిరిగి రాలేదు. ఒకరిది పెద్దేముల్ వైపు, ఒకరిది బషీరాబాద్ వైపు. ఏ తండాలో ఇక్కడ చెప్పను, సభ అయ్యాక ఆ వైపు వాళ్ళు నా దగ్గరికి రండి. రేపు పొద్దున ఎనిమిదింటికి నేను బయలుదేరుతున్నాను, బండి మీద ఇంకొకరికి చోటుంది.

జై సేవాలాల్.